డ్రమ్ము ఎక్కనంటోంది నాన్నా

వెనక చక్రాల బ్రేకు షూలు మార్చడం ఒక్క శనివారం పని అనుకున్నా. పొద్దున్నే మొదలుపెడితే భోజనాల టైముకి చేతులు కడుక్కోవచ్చు అని మా ఆవిడకి మాట కూడా ఇచ్చేశా. అది మే నెల రెండో శనివారం. ఇప్పుడు జూన్ అయిపోవస్తోంది, నిన్ననే చివరిసారి చక్రం బిగించి జాకీ దించా. మధ్యలో ఏం జరిగిందో రాసి పెట్టుకోకపోతే ముందు చక్రాలు విప్పినప్పుడు మళ్ళీ ఇవే తప్పులు చేస్తా, నా సంగతి నాకు తెలుసు, అందుకే ఇదంతా.

బండి 1966 మస్టాంగ్, రెండు డోర్లది, 289 వి-ఎయిట్ ఇంజను, మూడు గేర్ల ఆటోమేటిక్. రెండేళ్ళ కింద కొన్నా. ఫ్రిస్కోలో మా ఇంటి గ్యారేజీలో నీడ దానికి, మేం రోజూ ఆఫీసుకి వేసుకెళ్ళే రెండు బళ్ళూ బయట టెక్సాస్ ఎండలో, దీని మీద మా ఇంట్లో జరిగే చర్చ వేరే పోస్టు అవుతుంది. ఆ ఒక్క ఏడాదే 6 లక్షల పైచిలుకు మస్టాంగులు అమ్ముడుపోయాయి కాబట్టి ఇప్పటికీ ప్రతి స్ప్రింగూ ప్రతి క్లిప్పూ దొరుకుతుంది, ఆ విషయంలో అదృష్టవంతుడినే. నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే, అంటే చక్రంతో పాటు తిరిగే గుండ్రటి ఇనప డ్రమ్ము లోపల రెండు వంపు షూలు, బ్రేకు తొక్కితే వాటి మీది లైనింగు డ్రమ్ముకి ఒరుసుకుని ఆపుతుంది.

గొడవ ఎక్కడ మొదలైందంటే, కుడి వెనక చక్రం లోపలి అంచు తడిగా కనపడింది. యాక్సిల్ సీలు పోయి గేర్ ఆయిల్ కారుతోందేమో అనుకున్నా, వేలితో రాసి చూస్తే పల్చగా ఉంది, గేర్ ఆయిల్‌కి ఉండే ఆ ముక్కు పగిలే కంపు లేదు. డ్రమ్ము లాగి, బ్రేకాయిలు బలంతో షూలని బయటికి తోసే వీల్ సిలిండర్ రబ్బరు టోపీ గోటితో కొంచెం ఎత్తితే బ్రేకాయిలు టపటపా కారింది. షూ లైనింగు మొత్తం నానిపోయి ఉంది. కిరోసిన్‌తో కడిగి, ఉప్పు కాగితంతో రుద్ది మళ్ళీ వాడదాం అనిపించిన మాట నిజమే, కానీ ఆయిలు పీల్చిన లైనింగు ఎంత కడిగినా వేడెక్కగానే మళ్ళీ కక్కుతుంది, అది పారెయ్యాల్సిందే. పైగా ఈ బండి మాస్టర్ సిలిండర్లో, అంటే పెడల్ తొక్కితే బ్రేకాయిలుని చక్రాలకి తోసే దాంట్లో, ఒక్కటే గది, నాలుగు చక్రాలకీ అదే దిక్కు, ఒక చోట కారిపోతే నాలుగు బ్రేకులూ పోతాయి. రెండు గదుల మాస్టర్ సిలిండర్ మస్టాంగుకి 1967లో గానీ రాలేదు. కాబట్టి ఇలాంటి చోట కక్కుర్తి పడకూడదు.

షాపుకెళ్తే కౌంటర్ దగ్గర కుర్రాడు అడిగిన మొదటి ప్రశ్న, చక్రానికి ఎన్ని బోల్టులు అని. నాలుగైతే ఆరు సిలిండర్ల బండి, 9 అంగుళాల డ్రమ్ము. అయిదైతే వి-ఎయిట్, 10 అంగుళాలు. నాది అయిదు. ఒక సెట్టు షూలు, రెండు వీల్ సిలిండర్లు, స్ప్రింగుల కిట్టు తీసుకున్నా, స్ప్రింగులు లాగే ప్లయర్ అక్కడే డిపాజిట్ కట్టించుకుని అరువిచ్చారు.

ఇక్కడ మొదటి తప్పు చేశా. రెండు పక్కలా ఒకేసారి విప్పేశా. చదివిన ప్రతిచోటా ఒక పక్క విప్పు, రెండో పక్క అలాగే ఉంచు, అనుమానం వస్తే వెళ్ళి దాన్ని చూసుకో అని రాసుంటుంది, నేను మాత్రం ఫోనులో ఫోటో తీశాగా చాలు అనుకున్నా. తర్వాత చూస్తే ఫోటోలో సగం నా బొటనవేలే. రెండు పక్కల స్టార్ వీల్ అడ్జస్టర్లూ, అంటే షూల మధ్య దూరం పెంచే, తగ్గించే పళ్ళ చక్రం ఉన్న మర కడ్డీలు, ఒకే డబ్బాలో వేసి నానబెట్టి శుభ్రంగా బ్రష్షు కొట్టా, తళతళా మెరిసిపోయాయి, ఈ డబ్బా సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఒక మాట, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, మన ఊళ్ళో ఇంటి మీద వేసే సిమెంటు రేకుల్లో ఉండేదే. ఆ దుమ్ముని ఉఫ్ అని ఊదటం, కంప్రెసర్ గాలి కొట్టడం లాంటివి చెయ్యొద్దు. నేను స్ప్రేతో తడిపి, తడిబట్టతో తుడిచి, బట్టని కవర్లో కట్టి పడేశా.

మా నాన్న తెనాలిలో ఇరవయ్యేళ్ళు అంబాసిడర్ టాక్సీ నడిపాడు. విజయవాడ ఆటోనగర్లో మేస్త్రీ పక్కన కూర్చుని లైనింగు రివిట్లు కొట్టించిన మనిషి, కొత్త షూ కొనడం అంటే ఆయనకి దుబారా, పాత షూకే కొత్త లైనింగు కొట్టించాలి. వాట్సాప్ వీడియో కాల్ పెట్టి అట్టముక్క మీద పరిచిన నాలుగు షూలూ చూపించా. రెండిటికి లైనింగు కొంచెం పొడుగ్గా ఉంది, రెండిటికి కొంచెం పొట్టిగా ఉంది, ఇనప భాగం మాత్రం నాలుగూ ఒక్కలాగే.

"ఏరా, ఇందులో అనుమానం ఏముంది, పొడుగువి రెండూ ఒక చక్రానికి, పొట్టివి రెండూ ఒక చక్రానికి. ఒక చక్రంలో రెండు షూలూ ఒకటే ఉండాల, లేకపోతే బండి లాగేస్తది."

నాకూ సబబుగానే అనిపించింది. చెప్పుల జత లాగా జత జతగా పెట్టా. ఇది రెండో తప్పు, కానీ బయటపడటానికి ఇంకో రెండు వారాలు పట్టింది, ఎందుకంటే అసలు డ్రమ్మే ఎక్కలేదు.

ఎడమ పక్క డ్రమ్ము పెడితే షూల మీదకి పావు అంగుళం వెళ్ళి ఆగిపోతోంది. స్టార్ వీలు పూర్తిగా లోపలికి తిప్పేసి ఉందా అని చూశా, రెండు చుట్లు మిగిలి ఉంది, తిప్పా, అయినా ఎక్కలేదు. వీల్ సిలిండర్ నుంచి షూని తోసే చిన్న పుల్లలు రెండు ఉంటాయి, అవి షూ గాడిలో కూర్చోకుండా అంచు మీద నిలబడితే షూ బయటికి వచ్చేస్తుంది, చూశా, సరిగ్గానే ఉన్నాయి. కుడి పక్క కూడా ఇదే తంతు, కానీ అక్కడ రబ్బరు సుత్తితో నాలుగు వేస్తే డ్రమ్ము ఎక్కింది. ఎక్కింది కదా అని సంతోషపడ్డా, సిగ్గుచేటు, డ్రమ్ముకి సుత్తి అవసరం పడిందంటేనే లోపల ఏదో తేడా ఉన్నట్టు. చక్రం చేత్తో తిప్పితే ఇసుర్రాయి తిప్పినట్టుంది.

అప్పుడు నేరం డ్రమ్ము మీద వేశా. పాత డ్రమ్ము లోపల షూ రాసుకునే చోట అరిగి, అంచున ఒక గట్టు మిగులుతుంది, కొత్త షూ ఆ గట్టుకి తగులుతోందేమో అని. రెండు డ్రమ్ములూ కార్లో వేసుకుని లేత్ మిషన్ ఉన్న షాపు వెతుక్కుంటూ వెళ్ళా, ఇప్పుడు డ్రమ్ములు లేతు పట్టే షాపులు బాగా తగ్గిపోయాయి, మూడో చోట దొరికింది. అక్కడ పెద్దాయన లోపలి కొలత తీసి పెదవి విరిచాడు. కొత్త డ్రమ్ము 10 అంగుళాలు ఉంటుంది, 10.060 దాటితే వాడకూడదు, నావి 10.040కి వచ్చేశాయి, ఎప్పుడో ఎవరో రెండు మూడు సార్లు లేతు పట్టించేశారు. ఇంకోసారి పడితే గోడ పల్చబడిపోయి వేడికి సాగిపోతుంది, కొత్తవి కొనుక్కోమన్నాడు.

ఇంటికి వచ్చాక బుర్ర వెలిగింది. డ్రమ్ము అరిగి పెద్దదయింది అంటే షూ ఇంకా సులువుగా దూరాలి కదా! గట్టు సంగతి వేరు, కానీ అంగుళంలో 40 వెయ్యో వంతులు పెద్దదైన డ్రమ్ము కొత్త షూల మీదకి ఎక్కలేదంటే షూలే పక్కలకి జరిగి ఉన్నాయని అర్థం. అయినా అరిగినవి ఎలాగూ మార్చాలి కాబట్టి కొత్తవి తెప్పించా, వాటికి తుప్పు పట్టకుండా పూసిన నూనె పొర బ్రేక్ క్లీనర్‌తో కడిగి పెట్టి చూశా. ఈసారి పావు అంగుళం కూడా వెళ్ళలేదు.

అరిగిన డ్రమ్ముతో ఇంకో తంటా ఉంది, నాకు తప్పింది గానీ చెప్తా. డ్రమ్ము పెద్దదయ్యే కొద్దీ దాని గుండ్రం మారుతుంది, కొత్త షూ వంపు మాత్రం 10 అంగుళాలకి తగ్గట్టే ఉంటుంది, అప్పుడు షూ మధ్యలో మాత్రమే తగులుతుంది, చివర్లు గాల్లో ఉంటాయి. లైనింగు మీద సుద్దముక్కతో అడ్డగీతలు గీసి, డ్రమ్ము పెట్టి ఒకసారి తిప్పి తీస్తే ఎక్కడ చెరిగిందో అక్కడే తగులుతున్నట్టు. పూర్వం షాపుల్లో షూని డ్రమ్ము వంపుకి తగ్గట్టు అరగదీసే మిషన్లు ఉండేవి, ఆస్బెస్టాస్ దుమ్ము భయంతో అవి దాదాపు పోయాయి. ఇప్పుడైతే మెల్లగా నడుపుతూ వాటంతట అవే అరిగి కూర్చునేదాకా ఆగడమే.

సరే అసలు విషయం. మూడో శనివారం. బయట 100 డిగ్రీలు, మన లెక్కలో 38, గ్యారేజీ తలుపు మూస్తే కుక్కర్, తీస్తే పొయ్యి. మా చిన్నది, ఎనిమిదేళ్ళు, ఫోను టార్చి పట్టుకుంటా అని వచ్చి కూర్చుంది. నేను అయిదోసారో ఆరోసారో స్టార్ వీలు చూస్తున్నా. అది టార్చి పైకి కిందకీ తిప్పుతూ ఉన్నట్టుండి "డాడీ, ఇక్కడ గ్యాప్ ఉంది, అక్కడ లేదు" అంది.

ఈ బ్రేకులో పైన మధ్యలో ఒక లావుపాటి పిన్ను ఉంటుంది, యాంకర్ పిన్ అంటారు. రెండు షూల పై చివర్లకీ సగం చందమామ ఆకారంలో గాడి ఉంటుంది, ఆ గాడి వెళ్ళి పిన్నుకి ఆనుకోవాలి, రెండూ రెండు పక్కలా గట్టిగా ఆనాలి. ముందు షూ ఆనింది. వెనక షూకీ పిన్నుకీ మధ్య నుంచి టార్చి వెలుగు సన్నటి గీతలా అవతలికి పోతోంది. జేబులో ఉన్న విజిటింగ్ కార్డు దూర్చి చూస్తే దూరిపోయింది, రెండుగా మడిచి దూర్చినా దూరింది. స్ప్రింగు ఎంత గట్టిగా లాగుతున్నా షూ రావట్లేదంటే వెనక నుంచి ఏదో దాన్ని తోసి పట్టుకుని ఉంది. వెనక షూకి వేలాడుతూ ఉండేది ఏంటి? హ్యాండ్ బ్రేకు లివర్.

హ్యాండిల్ మాత్రం పూర్తిగా వదిలేసే ఉంది, డ్యాష్‌బోర్డు కింద ఉంటుంది దీనికి, లాగేది, అది వంద సార్లు చూసుకున్నా. బండి కిందకి దూరి చూస్తే తెలిసింది, రెండు వెనక చక్రాల కేబుళ్ళూ ఒక చోట కలిసి ఒక మర ఉన్న కడ్డీకి నట్టుతో బిగించి ఉంటాయి, ఆ నట్టు మర చివరిదాకా బిగించేసి ఉంది. కేబుల్ వీణ తీగలా ఉంది. పాత షూలు అరిగిపోయి హ్యాండ్ బ్రేకు పట్టకపోతే, లోపల అడ్జస్ట్ చెయ్యకుండా ఎవరో ఈ నట్టు బిగించుకుంటూ పోయారు. అరిగిన షూలకి అది సరిపోయింది. కొత్త షూలు మందంగా ఉంటాయి కదా, కేబుల్ చాలట్లేదు, లివర్‌ని సగం లాగి పట్టుకుని ఉంది, అది షూని పిన్ను మీద కూర్చోనివ్వట్లేదు. పానా పెట్టి నట్టు వదులు చేస్తుంటే పైన చక్రం దగ్గర టక్ మని వినిపించింది, షూ వెళ్ళి పిన్నుకి ఆనుకున్న చప్పుడు. "గ్యాప్ పోయింది!" అని అరిచింది మా చిన్నది. డ్రమ్ము తీసుకొచ్చి పెడితే రెండు వేళ్ళతో తోస్తే వెళ్ళి కూర్చుంది. మూడు వారాలు, ఒక లేత్ మిషన్, రెండు కొత్త డ్రమ్ములు, చివరికి కింద ఒక నట్టు.

కాబట్టి డ్రమ్ము ఎక్కకపోతే నేనైతే ముందు యాంకర్ పిన్ను చూస్తా, తర్వాతే మిగతావన్నీ. ఇంకోటి, హ్యాండ్ బ్రేకు కేబుల్ ఎప్పుడూ చివర్లో బిగించాలి, లోపల షూలు డ్రమ్ముకి సరిగ్గా సర్దాక. ముందే బిగిస్తే ఇదే కథ.

డ్రమ్ములు ఎక్కాయి, ఇక బ్రేకు గొట్టాల్లో ఇరుక్కున్న ఎయిర్ తీసే పని. మా ఆవిడ సీట్లో, నేను కింద. మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రం ముందు, అంటే కుడి వెనక, తర్వాత ఎడమ వెనక, ఆ తర్వాత కుడి ముందు, ఎడమ ముందు. "తొక్కు. పట్టుకో. వదులు. తొక్కు. పట్టుకో... వదలమన్నానా?" "నువ్వు అనలేదా? అన్నావు." "లేదు." ఈ పని చెయ్యని మొగుడూ పెళ్ళాలు అదృష్టవంతులు.

తర్వాత వెనక ప్లేటు మీద చిన్న రబ్బరు మూత తీసి, ఆ సందులోంచి స్టార్ వీలు పళ్ళు ఒక్కొక్కటే తిప్పుతూ షూలు బయటికి తేవాలి. ఎంతదాకా అని పుస్తకాల్లో సన్నగా రాసుకోవాలి అని ఉంటుంది, సన్నగా అంటే ఎంత? నాన్నకి ఫోన్ చేసి, ఫోను చక్రం పక్కన పెట్టి చేత్తో తిప్పా. తెనాలిలో రాత్రి పదిన్నర. "ఇంకా... ఇంకో పన్ను... ఆ, అదిగో, ఆ సుయ్ మంటుంది చూడు, అక్కడ ఆపు. అంతకంటే బిగిస్తే డ్రమ్ము కాలిపోద్ది." ఆ చప్పుడు ఇప్పుడు నాకు గుర్తుండిపోయింది, బియ్యం చెరుగుతుంటే చేటలో వచ్చే చప్పుడు లాంటిది, చక్రం తిప్పిన ఒక చుట్టులో సగం దూరం వినిపించాలి.

ఇక వీధిలోకి తీశా. 20 మైళ్ళ స్పీడులో మెల్లగా బ్రేకు మీద కాలు పెట్టానో లేదో కుడి వెనక చక్రం కీచుమని పట్టేసింది, బండి తోక పక్కకి విసిరింది. ఎడమ పక్క అసలు బ్రేకు ఉన్నట్టే లేదు. ఇంకోసారి, అదే. తిన్నగా ఇంటికి తెచ్చి పెట్టేశా.

ఈసారి బుద్ధి తెచ్చుకుని ఆ కాలం నాటి మాన్యువల్ కాపీ తెరిచా. అందులో ఒకే ఒక్క బొమ్మ నా కళ్ళు తెరిపించింది. ఒక చక్రంలో రెండు షూలూ ఒకలాంటివి కావు. ముందు వైపు షూ పొట్టి లైనింగుది, వెనక వైపుది పొడుగు లైనింగుది. రెండు పక్కలా అంతే.

ఎందుకలా అంటే, ఈ బ్రేకులో షూల కింది చివర్లు దేనికీ బిగించి ఉండవు, మధ్యలో స్టార్ వీల్ అడ్జస్టర్ ఒక వంతెనలాగా రెండిటినీ కలుపుతుంది, అంతే. డ్రమ్ము ముందుకి తిరుగుతున్నప్పుడు బ్రేకు తొక్కితే, ముందు షూ డ్రమ్ముకి అంటుకుని దాంతో పాటు తిరగబోతుంది, తిరగబోతూ కింద అడ్జస్టర్ని తోస్తుంది, అడ్జస్టర్ వెనక షూని తోస్తుంది, వెనక షూ వెళ్ళి పైన యాంకర్ పిన్నుకి గుద్దుకుని ఆగుతుంది. అంటే మన కాలి బలం కాకుండా డ్రమ్ము తిరిగే బలం కూడా వెనక షూ మీదే పడుతుంది. పనంతా దానిదే, అందుకే దానికి లైనింగు ఎక్కువ. ముందు షూ పెళ్ళిలో ముందు నడిచే సన్నాయి మేళం లాంటిది, బరువు మోసేది వెనక పల్లకి బోయీలు. నేను కుడి పక్క రెండు పొడుగువీ ఎడమ పక్క రెండు పొట్టివీ పెట్టేసరికి రెండు చక్రాల పట్టుకీ పొంతన లేకుండా పోయింది.

నాన్న చెప్పింది తప్పు కాదు, అది ఇంకో బండికి సంబంధించిన నిజం. అంబాసిడర్ ముందు చక్రాల్లో ఒక్కో షూకి ఒక్కో వీల్ సిలిండర్, రెండు షూలూ సమానంగా పనిచేస్తాయి, ఒక షూ ఇంకో షూని తొయ్యడం అనేది లేదు. అక్కడ రెండూ కవలలే, లైనింగు తేడా వస్తే బండి లాగేస్తుంది, నిజమే. ఇరవయ్యేళ్ళు అదే చూసిన మనిషి ఇంకేం చెప్తాడు. ఫోన్లో చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మరి ఆ షూ కిందన దేనికీ బిగించకుండా ఎట్టా ఆగుద్దిరా?" అన్నాడు. అరగంట పట్టింది వివరించడానికి, చివరికి రెండు దోసె అట్లకాడలు చేతిలో పట్టుకుని చూపించా.

మళ్ళీ విప్పి, మార్చి, బిగించి, వీధిలో తిరిగితే ఈసారి తిన్నగా ఆగింది. కథ అయిపోయిందనుకున్నా. స్టార్ వీళ్ళు ఇక మనం తిప్పక్కర్లేదు, బండి రివర్స్‌లో పోనిస్తూ బ్రేకు కొడితే లోపల ఒక చిన్న కేబుల్ లివర్ని లాగి, షూ అరిగి సందు పెరిగినప్పుడల్లా స్టార్ వీల్ని ఒక పన్ను తిప్పుతుంది, అలా వాటంతట అవే సర్దుకుంటాయి. నేను ఉత్సాహంగా ఇంటి ముందు పదిహేను సార్లు రివర్స్ కొట్టి కొట్టి బ్రేకులు వేశా. పక్కింటాయన చూసి ఏమైనా సాయం కావాలా అని అడిగాడు. వారం రోజుల్లో పెడల్ దిగిపోవడం మొదలైంది. మొదట అంగుళం, తర్వాత రెండు. ఎయిర్ ఉందేమో అని మా ఆవిడని మళ్ళీ పిలిచా, ఆవిడ చూసిన చూపు రాయను. ఎయిర్ లేదు. ఎక్కడా కారట్లేదు. రెండు సార్లు గబగబా తొక్కితే పెడల్ పైకి వస్తోంది, అంటే షూలకీ డ్రమ్ముకీ మధ్య దూరం పెరిగిపోయింది.

డబ్బా గుర్తుందా? రెండు అడ్జస్టర్లూ ఒకే డబ్బాలో. ఒకదాని మర మామూలుది, రెండోదాని మర ఎదురు మర, చూపుకి ఒక్కలాగే ఉంటాయి, కొనమీద ఒకదానికి ఎల్, ఒకదానికి ఆర్ అని చిన్న అక్షరం కొట్టి ఉంటుంది, భూతద్దం పెడితేగానీ కనపడలేదు నాకు. ఎడమది కుడికి, కుడిది ఎడమకి పెట్టేశా. నేను రివర్స్‌లో బ్రేకు కొట్టిన ప్రతిసారీ లోపల లివర్ శ్రద్ధగా ఒక్కో పన్ను తిప్పింది, బిగించడానికి బదులు వదులు చేస్తూ. ఎంత కష్టపడి సర్దితే అంత వదులు.

దీనికి డ్రమ్ము పెట్టకముందే చేసుకోవాల్సిన పరీక్ష ఒకటుంది, ఒక నిమిషం కూడా పట్టదు. ఆ చిన్న కేబుల్ని షూకి మధ్యలో వేలితో పక్కకి లాగితే లివర్ పైకి లేచి తర్వాతి పన్ను మీదకి ఎక్కుతుంది, వదిలితే కిందకి దిగుతూ స్టార్ వీల్ని తిప్పుతుంది. నాలుగైదు సార్లు లాగి వదిలి, అడ్జస్టర్ పొడవు పెరుగుతోందా తగ్గుతోందా చూడాలి. పెరిగితే సరైన పక్క ఉన్నట్టు. నిన్న రెండు పక్కలా మార్చి, లాగి వదిలి, పెరగడం కళ్ళతో చూసి, అప్పుడు డ్రమ్ము పెట్టా. కేబుల్ నట్టు కూడా చివర్లో బిగించా, హ్యాండిల్ లాగితే బండి వాలులో నిలబడింది, వదిలితే చక్రం ఆ చేట చప్పుడుతో తిరిగింది.

పెడల్ ఇప్పుడు పైనే పడుతోంది. ముందు చక్రాలు ఇంకా విప్పలేదు, వాటికి డ్రమ్మూ హబ్బూ కలిసే వస్తాయి, బేరింగులు తీసి గ్రీసు పెట్టాలి, అది సెప్టెంబరులో ఎండ తగ్గాక చూద్దాం.

రాత్రి నాన్న ఫోన్ చేశాడు, బ్రేకులు ఎలా ఉన్నాయి అని అడుగుతాడనుకున్నా. "ఏరా, ఆ పొట్టి షూ, పొడుగు షూ ఫోటో ఉందా? పక్కపక్కన పెట్టి తీసిందే పంపు. రేపు బెజవాడ పోతున్నా, మేస్త్రీకి చూపిస్తా, నమ్మట్లా వాడు." బొటనవేలు లేని ఫోటో వెతికి పంపా.